ఎర్రకారు కింది స్క్రూ

నా బొటనవేలికి తోలెందుకు లేచిందని పొద్దుటినుంచి ప్రతివాడూ అడుగుతున్నాడు. షూటింగులో దెబ్బ తగిలిందని చెప్పి చూశాను. ఫోటోలు తీసుకుంటూ తిరిగేవాడికి షూటింగులో ఏం దెబ్బ తగుల్తుందిరా అని నవ్వారు. సరే, టీ చెప్పండి, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను.

నా పనేమిటో తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నా. నేను సినిమాల్లో కంటిన్యుటీ చూస్తాను. హీరో తలుపు బయట ఉన్న షాటు ఇవాళ తీస్తారు, తలుపు తోసుకుని లోపలికొచ్చే షాటు వచ్చే నెల తీస్తారు. ఈ మధ్యలో ఆయన చొక్కా గుండీ మారకుండా, హీరోయిన్ బొట్టు జరక్కుండా, మామగారి వేషం వేసినాయన మీసం పెరక్కుండా కాపలా కాసేవాణ్ణి నేనే. ఫిల్మ్‌నగర్‌లో నన్ను డేగకన్ను అచ్యుతరామయ్య అంటారు. ఎవరైనా అనడం మరిచిపోతే నేనే గుర్తు చేస్తుంటాను.

ఒకసారి హీరోగారు వాచీ చేయి మార్చి పెట్టుకున్నారు. డైరెక్టరు చూడలేదు, కెమెరామన్ చూడలేదు, నేను చూశాను. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబితే మా ఆవిడ మంజులత అంతా విని, "గ్యాస్ బుక్ చేసినవా?" అంది. చేయలేదు.

మంజులతది ఎర్రగడ్డ. నేను పాలకొల్లు నుంచి సినిమా పిచ్చితో వచ్చి, వాళ్ళ మేడమీద గదిలో కిరాయికి దిగాను. కిరాయికి దిగినవాణ్ణి అల్లుడినై తేలాను. ఇప్పుడు కృష్ణానగర్‌లో మూడో అంతస్తులో ఇద్దరం కాపురం ఉంటున్నాం.

నిరుడు మా పెళ్ళిరోజు మరిచిపోయాను. మంజులత ఒక్క మాట అనలేదు. ఆ లోటు మా అత్తగారు శకుంతలమ్మ తీర్చింది. ఆ రోజునుంచి నా పేరు 'యాది లేని అల్లుడు'. ఫోన్ చేసినా, "యాది లేని అల్లుడు ఇంట్ల ఉన్నడా?" అని అడుగుతుంది. వాళ్ళ వీధి చివర కిరాణాకొట్టువాడు కూడా నన్ను ఆ పేరుతోనే గుర్తుపడుతున్నాడు.

అందుకని ఈ ఏడు పెద్ద పథకం వేశాను. చక్కటి బుట్టకమ్మలు కొన్నాను. చిన్నవే, కానీ ముద్దుగా ఉంటాయి, ఎర్రరాయి, కింద ముత్యాలు. పెళ్ళిరోజు నాడు భోజనానికి అత్తగారిని పిలిచాను. మధ్యాహ్నం దాకా ఏమీ గుర్తు లేనట్టు నటించాలి. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక, అత్తగారు ఆ బిరుదుతో నన్ను పిలవగానే, ఠక్కున కమ్మలు తీసి మంజులత చేతిలో పెట్టాలి. అంతే, బిరుదు రద్దు. నా పరువంతా ఆ కమ్మల మీదే పెట్టుకున్నాను.

చిక్కల్లా అవి దాచడం దగ్గర వచ్చింది. మా ఇంట్లో మంజులత కంట పడకుండా ఏదీ దాగదు. ఇంతకుముందు ఒక గాజుల జత బియ్యం డబ్బాలో దాస్తే ఆ రోజే పులిహోర చేసింది. ఇంకోసారి ఒక చీర దేవుడి పటం వెనకాల పెడితే, "దేవునికి చీరెందుకు పెట్టినవ్?" అంది.

అప్పుడు ఫ్రిజ్జు మీది ఎర్రకారు కనిపించింది. అది రిమోట్‌తో నడిచే బొమ్మకారు. నేను పనిచేసిన ఒక సినిమాలో చిన్నప్పటి హీరో దానితో ఆడుకుంటాడు. సినిమా ఆగిపోయింది, కారూ ఆగిపోయింది. జ్ఞాపకంగా ఉంటుందని నేను తెచ్చుకున్నాను. మంజులతకి అదంటే మంట. "గా డొక్కుదాన్ని నేను ముట్టనే ముట్ట," అని తెచ్చిన రోజే తేల్చి చెప్పింది. కారు కింద బ్యాటరీలు పెట్టే అర ఉంది. అరకి మూత, మూతకి ఒకే ఒక్క స్టార్ స్క్రూ. కమ్మల్ని టిష్యూ కాగితంలో చుట్టి ఆ అరలో పెట్టి, స్క్రూ బిగించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెళ్ళిరోజు రానే వచ్చింది. ఆదివారం. ఒక జాగ్రత్త తీసుకున్నాను. నా మొహంలో ఏ రహస్యమూ నిలవదు, మంజులతతో కళ్ళు కలిస్తే నవ్వొచ్చేస్తుంది. కాబట్టి మధ్యాహ్నం దాకా ఆమె మొహం చూడకూడదని ఒట్టు పెట్టుకుని పేపరు అడ్డం పెట్టుకున్నాను.

మంజులత కాఫీ తెచ్చి పక్కనే నిలబడింది. పేపరు కింద నుంచి పాదాలు కనబడుతున్నాయి, వెళ్ళడం లేదు.

"ఇయ్యాళ ఏమన్న ఉన్నదా?" అంది.

"ఏముంటుంది? ఆదివారం."

"సక్కగ చూసి చెప్పు."

క్యాలెండర్ వైపు చూశాను. "ఆదివారమే," అన్నాను.

"కాఫీ సల్లారుతది," అని లోపలికి వెళ్ళిపోయింది. పాపం, పెళ్ళిరోజు గుర్తు చేద్దామని ఎంత ఆశపడిందో అనుకుని పేపరు వెనకాల నాలో నేనే నవ్వుకున్నాను.

వంటింట్లో గారెలకి పప్పు రుబ్బుతున్న చప్పుడు మొదలవగానే ఎర్రకారు, స్క్రూడ్రైవరు పట్టుకుని బాల్కనీలోకి పోయాను. కారు ఊపి చూశాను. లోపల గలగలమంది. ఉన్నాయి, నా బంగారు కమ్మలు లోపలే ఉన్నాయి. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాను. అది గిర్రున తిరిగింది, స్క్రూ మాత్రం తిరగలేదు.

వంగి చూశాను. స్క్రూ తలమీద నాలుగు గాడులు ఉండాలి కదా, అక్కడ గుండ్రంగా నున్నటి గుంట ఉంది. తల మొత్తం అరిగిపోయింది. అంత బలంగా బిగించానా అని ముందు ఆశ్చర్యపోయాను, తర్వాత కొంచెం గర్వపడ్డాను.

గట్టిగా నొక్కి మళ్ళీ తిప్పాను. గుంట ఇంకా నున్నబడింది.

"ఏం జేస్తున్నవ్?"

వెనకాల మంజులత. చచ్చాను అనుకుని, వెంటనే కారు మీదకి వంగి మొహం దాచుకున్నాను.

"కారు బాగుచేస్తున్నాను. డైరెక్టరుగారు అడిగారు."

"ఆగిపోయిన సినిమా డైరెక్టరా?"

"మళ్ళీ మొదలవుతుందేమో."

"అండ్ల ఏమున్నది, గంత కష్టపడుతున్నవ్?"

"ఏముంటుంది? బ్యాటరీలు."

"బ్యాటరీలు గలగల అంటయా?"

"పాతబడిపోతే అంటాయి."

మంజులత గొంతులో ఏదో అడ్డం పడినట్టు దగ్గింది. "సరే, చెయ్యి. నేను పట్టుకుంట," అని ఎదురుగా కూర్చుని కారు తలకిందులుగా పట్టుకుంది.

నాకో అలవాటుంది. ఏ వస్తువు మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు ఫోటో తీసుకోవాలి, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు పెట్టడానికి. వృత్తి అలాంటిది. ఫోన్ తీసి స్క్రూకి గురిపెట్టాను. లెన్సులోకి ఎక్కడినుంచో తళుక్కుమని మెరుపు కొడుతోంది. స్క్రూ సరిగ్గా రావడం లేదు.

"కొంచెం పక్కకి జరుగు. ఏదో మెరుపు కొడుతోంది," అన్నాను.

"ఏం మెరుపు?"

"ఎండ కిటికీ అద్దం మీద పడుతున్నట్టుంది. తల ఇటు తిప్పు. ఇంకా కొడుతోంది. అటు తిప్పు."

అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇంకెట్ల తిప్పాలె?" అంది ఓపిగ్గా. ఎలా తిప్పినా మెరుపు పోలేదు. పోతే పోయిందని అలాగే నాలుగైదు ఫోటోలు తీశాను.

ఫోన్‌లోనే వెతికితే తల అరిగిన స్క్రూ మీద రబ్బరుబ్యాండు పెట్టి, దాని మీద స్క్రూడ్రైవరు ఆనించి తిప్పితే పట్టు దొరుకుతుందని ఒక కుర్రాడు చూపించాడు. వాడి స్క్రూ వెన్నలోంచి తీసినట్టు వచ్చేసింది. మంజులత జడకి పెట్టుకున్న రబ్బరుబ్యాండు తీసిచ్చి, జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. పెట్టి తిప్పాను. రబ్బరుబ్యాండు రెండు ముక్కలై ఒక ముక్క నా కంట్లో కొట్టింది.

"కన్ను జూపెట్టు," అంది మంజులత కంగారుగా. కళ్ళు కలిస్తే పథకం పాడవుతుందని గట్టిగా మూసుకున్నాను. "ఏం కాలేదు, ఏం కాలేదు," అంటూ మొహం తిప్పుకున్నాను.

"ఇయ్యాళ ఎటు దిక్కు చూసినా నా దిక్కు మాత్రం చూడవు," అని గొణుక్కుంటూ పోయి మళ్ళీ గారెల పనిలో పడింది.

ఆ కుర్రాడే ఇంకో వీడియోలో గమ్ముతో చూపించాడు. చిటికెలో అతుక్కునే గమ్ము చుక్క స్క్రూ గుంటలో వేసి, స్క్రూడ్రైవరు కొన అందులో పెట్టి కాసేపు కదలకుండా పట్టుకుంటే రెండూ ఒకటైపోతాయట. గమ్ము ట్యూబు మూత నోటితో కొరికి తీశాను. ఒక చుక్క వెయ్యాల్సింది సగం ట్యూబు పడింది. స్క్రూడ్రైవరు పెట్టి, గమ్ము ఒలికిపోకుండా బొటనవేలు అడ్డం పెట్టి, కదలకుండా పట్టుకున్నాను. బ్రహ్మాండంగా అతుక్కుంది. స్క్రూకి స్క్రూడ్రైవరు అతుక్కుంది, స్క్రూడ్రైవరుకి నా బొటనవేలు అతుక్కుంది.

లాగాను. ప్రాణం పోయింది. తిప్పుదామంటే వేలు తిరగదు. చేతికి స్క్రూడ్రైవరు, దాని కొసన కారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"మంజూ! ఫోన్ ఒకసారి చెవి దగ్గర పెట్టు!"

వచ్చి చూసింది. ఏమైందని అడగలేదు. ఫోన్ తీసి నా చెవి దగ్గర పట్టుకుంది. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో ప్యాచ్ వర్క్ జరుగుతోంది, అక్కణ్ణుంచి మా అసిస్టెంటు శ్రీనిధి.

"సార్, సెలవురోజు సారీ సార్. ఆ వంటింటి సీన్ మిగిలిన షాట్ తీస్తున్నారు. హీరోయిన్‌కి ఏ కమ్మలు సార్?"

నాకు ఉత్సాహం వచ్చేసింది. వేలి నొప్పి కూడా మరిచిపోయాను. "పచ్చరాళ్ళ బుట్టకమ్మలమ్మా! కుడిచెవి మీద జుట్టు వెనక్కి దువ్వాలి. ఎడమచెవి మీద రెండంటే రెండు వెంట్రుకలు పడుండాలి. ఎడమ బుట్టకి చివరి ముత్యం ఊడిపోయింది, అది కెమెరాకి కనబడనివ్వకు. ఆ రోజు ఆ పిల్ల కుడిచెవి కొంచెం కందింది కూడా, మేకప్‌వాళ్ళకి చెప్పు."

"సార్, మీరు గ్రేట్ సార్," అని ఫోన్ పెట్టేసింది.

మంజులత ఫోన్ పట్టుకుని అలాగే నిలబడింది. "ముత్యం ఊడింది గూడ యాదున్నదా?"

"అదే కదా మన గొప్ప!"

"చెవు కందింది గూడ?"

"నా కన్ను తప్పించుకుని ఏదీ పోదు మంజూ."

"మరి ఇంట్ల?"

"ఇంట్లో డ్యూటీ ఉండదుగా," అని నవ్వాను, కారు వైపు చూస్తూ. మంజులత నవ్వలేదు. ఫోన్ బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి వెళ్ళిపోయింది. పెళ్ళిరోజు మరిచిపోయానని పాపం మండిపడుతోంది, మధ్యాహ్నానికి దీని సంతోషం చూడాలి అనుకున్నాను.

కాలింగ్‌బెల్ మోగింది. ఎడమచేత్తో తలుపు తీశాను. ఎదురుగా అత్తగారు. ఎర్రగడ్డ రైతుబజారంతా రెండు సంచుల్లో పట్టుకొచ్చింది.

"నమస్కారమండీ అత్తయ్యగారూ," అని రెండు చేతులూ జోడించాను. మధ్యలో కారు.

ఆవిడ వెనక్కి ఒక అడుగు వేసింది. "గిదేంది? కారు చేతుల వట్టుకొని మొక్కుతున్నవ్? ఆడుకుంటున్నవా?"

"రిపేరండీ."

"ఎవరికి?" అని సంచులు నా ఎడమచేతికిచ్చి వంటింట్లోకి పోయింది. పోయిన మరుక్షణం లోపల్నుంచి కేక వినబడింది. "అబ్బ! మస్తుగున్నయే బిడ్డా! యాది లేని అల్లుడు ఏమన్నడు?"

"ఇంకా ఏమనలేదమ్మా. ఎప్పుడంటడో అని చూస్తున్న."

గారెల సంగతి అనుకున్నాను. నా మాట కోసం అంతగా ఎదురుచూస్తుంటే ఊరుకోవడం మర్యాద కాదని హాల్లోంచే అరిచాను. "నేనింకా రుచి చూడలేదండీ! చూడటానికి మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి!"

లోపల తల్లీకూతుళ్ళు పడీపడీ నవ్వారు. ఎందుకో నాకు అర్థం కాలేదు, నేనూ నవ్వాను.

ఈ నవ్వులకి పక్క వాటా రఘునందన్ వచ్చాడు. సినిమాల్లో ఫైటరు. హీరో కొట్టగానే అద్దాలు పగలగొట్టుకుంటూ వెళ్ళి అవతల పడే మనిషి. అద్దాల రఘునందన్ అంటే కృష్ణానగర్‌లో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. నా చేతిని చూసి చలించిపోయాడు.

"అన్నా, వేలు కొయ్యాలెనా?"

"వద్దు నాయనా."

అప్పుడు మంజులత తీరిగ్గా వచ్చి, గోళ్ళరంగు చెరిపే మందు దూదితో నా వేలికి అద్దింది. కాసేపటికి వేలు ఊడింది, తోలు కొంచెం అక్కడే ఉండిపోయింది. స్క్రూడ్రైవరు కూడా ఊడి కిందపడింది. స్క్రూ మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఈ మందు ఇంట్లో ఉందని ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగలే," అంది. "కనవడేవన్నీ నీకు కనవడతయ్ గద అనుకున్న."

సమయం దగ్గరపడుతోంది. గారెలు వేగుతున్నాయి, బగారా అన్నం దింపేశారు. నాకు చెమటలు పట్టాయి. రఘునందన్‌ని పక్కకి లాగి చెవిలో సంగతంతా చెప్పాను. వాడు నా మొహం వింతగా చూశాడు. వంటింటి వైపు చూశాడు. మళ్ళీ నా మొహం చూశాడు.

"కమ్మలు అండ్లనే ఉన్నయా అన్నా? పక్కా?"

"నా చేత్తో నేను పెట్టాను! విను," అని ఊపి చూపించాను. గలగలమంది.

"నీ ఇష్టమన్నా," అని వాళ్ళింటికి పోయి హ్యాక్సా బ్లేడు, సుత్తి తెచ్చాడు. స్క్రూ తల మీద అడ్డంగా ఒక గీత కోస్తే మైనస్ స్క్రూడ్రైవరుతో తిప్పొచ్చని వాడి ఆలోచన. ఆలోచన మంచిదే. కారు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కోయబోయాడు. కారు జారింది, ప్యాంటు చిరిగింది.

"కదలకుండ గట్టిగ పట్టేది ఏదన్న కావాలె అన్నా."

మా బాత్రూమ్ తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది, దాని కింద కాస్త సందుంది. కారు ముందుభాగం పల్చగా ఉంటుంది కదా, తలకిందులు చేసి ఆ సందులో దూర్చి, సుత్తితో కొట్టి బిగించాడు. రాయిలా నిలబడింది. శభాష్ అన్నాను. నేను కారు మీద మోకాలు వేశాను, రఘునందన్ బ్లేడుతో కోత మొదలుపెట్టాడు.

కర్... కర్... కర్.

"ఎవర్రా అది?" లోపల్నుంచి ఒక గొంతు.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మేం ప్యాంటు చిరుగు చూసుకుంటున్నప్పుడు అత్తగారు కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది కాబోలు.

"బిడ్డా! మంజులతా! దొంగలు తలుపు కోస్తుండ్రే!" అని ఆవిడ లోపల్నుంచి తలుపు తోసింది. తలుపు తెరుచుకోదు, కింద కారుంది. తోసినకొద్దీ కారు ఇంకా బిగుసుకుంటోంది.

"అత్తయ్యగారూ, నేనండీ! తొయ్యకండి!"

"అల్లుడినీ పట్టుకున్నరే!" అని ఇంకా బలంగా తోసింది.

"జరుగన్నా! తలుపులు పగలగొట్టుడు నా పనే," అని రఘునందన్ లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి భుజంతో తలుపుని ఒక్క గుద్దు గుద్దాడు. సినిమాల్లో వాడు గుద్దే తలుపులు థర్మాకోల్‌వి. ఇది ఓనరు పెట్టించిన తలుపు. పైగా బయటికి తెరుచుకునేదాన్ని లోపలికి గుద్దాడు. వాడొచ్చిన దారినే వెనక్కి వెళ్ళి సోఫాలో పడ్డాడు.

స్క్రూ ఇరుక్కుంది, తర్వాత నేను ఇరుక్కున్నాను, ఇప్పుడు అత్తగారు ఇరుక్కుంది. ఇంతలో నా కళ్ళు స్క్రూ మీద పడ్డాయి. తల మీద సన్నటి గీత తయారై ఉంది! మైనస్ స్క్రూడ్రైవరు అందులో పెట్టాను. పట్టు దొరికింది. తిప్పబోతే కారు కొద్దిగా కదిలింది. అత్తగారు లోపల్నుంచి తోసినప్పుడు మాత్రం గట్టిగా నిలబడుతోంది.

"అత్తయ్యగారూ! ఇంకొంచెం తొయ్యండి!"

"ఇప్పుడే తొయ్యొద్దంటివి!"

"ఇప్పుడు తొయ్యండి! గట్టిగా! శభాష్! ఇంకొక్కసారి!"

ఆవిడ లోపల్నుంచి తిడుతూ తోస్తోంది. నేను బయట తిప్పుతున్నాను. కీచుమని స్క్రూ కదిలింది. కదిలింది! ఒక చుట్టు, ఇంకో చుట్టు, టక్కున ఊడి సోఫా కిందకి దొర్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కారు సుత్తితో కొట్టి లాగేసరికి తలుపు ధడాల్న తెరుచుకుని, చేతిలో చెంబుతో అత్తగారు హాల్లో వచ్చి పడింది.

"ఏడున్నర్రా దొంగలు?"

ఈ గోలకి మంజులత గారెల పళ్ళెంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇదే సమయం. విస్తళ్ళ ముందు కాకపోతేనేం, అందరూ ఉన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని కారు మూత తీశాను. టిష్యూ పొట్లం ఉంది. కళ్ళు మూసుకుని పొట్లం విప్పి చెయ్యి చాచాను.

"మంజూ! ఇవాళ ఏ రోజో నేను మరిచిపోయాననుకున్నావు కదూ? అత్తయ్యగారూ, మీరు కూడా వినండి. ఇవాళ మా పెళ్ళిరోజు! యాది లేని అల్లుణ్ణి కాదు నేను! ఇదిగో, నా మంజులతకి కొత్త బుట్టకమ్మలు!"

చప్పట్ల కోసం ఆగాను. రాలేదు.

"గివా?" అంది అత్తగారు.

"అన్నా," అన్నాడు రఘునందన్ సోఫాలోంచి, "జర పాతగున్నయన్నా."

కళ్ళు తెరిచాను. నా అరచేతిలో రెండు దుద్దులున్నాయి. ఎన్నాళ్ళవో, మెరుగు పోయి, ఒకదానికి మధ్య రాయి ఊడిపోయి ఉన్నాయి.

"మోసం!" అని లేచాను. "షాపువాడు మోసం చేశాడు! ఇప్పుడే వెళ్ళి నిలదీస్తాను!"

"కొన్నప్పుడు చూసి కొనలేదా?" అంది మంజులత.

"చూశాను! అప్పుడు బుట్టలున్నాయి! కార్లో పెడితే బంగారం అరిగిపోతుందా?" అని రఘునందన్‌ని అడిగాను. వాడు పైకప్పు వైపు చూస్తున్నాడు. "ఉండండి. ఈ దుద్దులు నేనెక్కడో చూశాను."

"ఏడ చూసినవ్? మంచిగ యాది జేస్కో."

"నీ... నీ చెవులకి."

"మరి ఇప్పుడు నా చెవులకు ఏమున్నయ్?"

ఆ రోజు మొదటిసారి తలెత్తి మా ఆవిడ మొహం చూశాను. రెండు చెవులకీ నేను కొన్న బుట్టకమ్మలు, ఎర్రరాయి, కింద ముత్యాలు, తళతళా మెరుస్తున్నాయి.

"ఇంట్ల దుమ్ము దులిపేది ఎవరనుకున్నవ్?" అంది మంజులత. "ఫ్రిజ్జు మీద దులుపుతుంటే నీ డొక్కుకారు గలగల అన్నది. చాకుతోని విప్పి చూసిన. కమ్మలు దీసి, నా పాత దుద్దులు అండ్ల వెట్టి, మళ్ళ చాకుతోనే బిగించిన. జర గట్టిగనే బిగించిన."

"అంటే స్క్రూ తల అరగదీసింది నువ్వా?"

"మరి నీ బలమనుకున్నవా?"

అనుకున్నాను. ఆ మాట బయటికి చెప్పలేదు.

"పొద్దుగాల స్నానం జేసి ఇవి వెట్టుకొని కాఫీ తెచ్చిన. సక్కగ చూసి చెప్పు అన్న. క్యాలెండర్ చూసినవ్."

"నేను గూడ పొద్దుగాల మెట్ల మీద చూసిన వదినా, కొత్తవి అని," అన్నాడు రఘునందన్.

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"పక్కా అని అడిగిన గదన్నా. డేగకన్నుకు నేనేం చెప్తా?"

మంజులత నా ఫోన్ తీసి పొద్దున్న నేను తీసిన ఫోటోలు చూపించింది. ప్రతి ఫోటోలోనూ స్క్రూ మసగ్గా ఉంది. దాని వెనక ఆవిడ చెవి, చెవికి కమ్మ, కమ్మకి ముత్యాలు అద్భుతంగా వచ్చాయి. నేను అటు తిప్పు, ఇటు తిప్పు అన్నాను కదా, కుడి కమ్మ, ఎడమ కమ్మ రెండూ వచ్చాయి.

"నీ మొహం చూస్తే నవ్వొచ్చేస్తుందని చూడలేదు మంజూ. పథకం పాడవుతుందని."

"గా హీరోయిన్ చెవు కందింది యాదున్నది," అంది, మెల్లిగా. "నా చెవులు ఉన్నయో లేవో గూడ చూడలే."

నిజం చెబుతున్నా, సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా బాగుండేది. ఆ కమ్మల్లో ఆవిడ ఎంత బాగుందో అప్పుడు చూస్తున్నాను. పొద్దుటినుంచి అంత బాగున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని నేను ఒక స్క్రూని చూస్తూ కూర్చున్నాను.

ఎలాగైనా సర్దుకోవాలి. డేగకన్ను పూర్తిగా తెరిచి, ఆవిడ మొహం నుదుటి నుంచి గడ్డం దాకా శ్రద్ధగా పరీక్షించాను. దొరికింది! ఎగిరి గంతేసినంత పని చేశాను.

"మంజూ! ఈసారి పట్టేశాను! ఆ ముక్కుపుడక కూడా కొత్తదే కదూ? ఎంత బాగుందో! ఎప్పుడు కొన్నావ్?"

మంజులత వాళ్ళమ్మ వైపు చూసింది. అత్తగారు చెంబు కింద పెట్టింది.

"అల్లుడా," అంది చాలా ప్రేమగా, "గది మీ లగ్గంల నేను వెట్టిన ముక్కుపుడక."

అదిగో, నవ్వొద్దని ముందే చెప్పానా లేదా? సరే, నవ్వండి. ఆ రోజు మంజులత కూడా అలాగే నవ్వింది. గారెల పళ్ళెం పక్కన పెట్టి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నా వేలికి కట్టు కట్టి, తనే గారె తుంచి నా నోట్లో పెట్టింది.

ఇక లేస్తాను, ఒక ఫోన్ చేసుకోవాలి. ఆ రోజునుంచి సాయంత్రం ఇంటికెళ్ళగానే నాకు పరీక్ష. గుమ్మంలోనే నిలబెట్టి, కళ్ళు మూసుకోమని, పొద్దున తను ఏ చీర కట్టుకుందో చెప్పమంటుంది. ఇవాళ అత్తగారు మా ఇంట్లోనే ఉంది, ఆవిణ్ణి అడిగితే చెబుతుందేమో చూడాలి. యాది లేని అల్లుణ్ణి మాట్లాడుతున్నానని చెబితే గొంతు గుర్తుపడుతుంది.